జోహ్రీ బూట్లు లేకుండా గెలవలేదు

మా టెన్త్ బ్యాచ్ గ్రూపులో అదే మెసేజ్. ఊరి గ్రూపులో అదే. చివరికి మా పీఈటీల (వ్యాయామం టీచర్ల) గ్రూపులో కూడా అదే. ఇండోనేషియా కుర్రాడు లాలూ మహమ్మద్ జోహ్రీ ఫొటో, కింద పొడుగాటి కథ. "అమ్మానాన్నలు లేని పేద పిల్లాడు. కోచ్ లేడు, బూట్లు లేవు. చిట్టచివరి లైన్లో నిలబెట్టారు. ఒట్టికాళ్లతో పరిగెత్తి ప్రపంచ రికార్డు బద్దలు కొట్టాడు. గెలిచాక కప్పుకోవడానికి జెండా కూడా ఇచ్చేవాళ్లు లేరు. కసి ఉంటే చాలు, గ్రౌండ్లు, బూట్లు అన్నీ సాకులే. మన గోదారి గట్టున పరిగెత్తే పిల్లలకి ఏం తక్కువ? పదిమందికి పంపండి." పంపినవాళ్లలో ఒక్కరైనా ఆ పరుగు వీడియో తెరిచి చూశారా? పట్టుమని పది సెకన్ల పరుగు అది.

రికార్డు సంగతి ముందు తేల్చేద్దాం. 2018 జులైలో ఫిన్లాండ్‌లోని టాంపెరేలో జరిగిన అండర్-20 ప్రపంచ పోటీల్లో జోహ్రీ వంద మీటర్లు 10.18 సెకన్లలో పరిగెత్తాడు. అప్పటికి ఆ వయసు వాళ్ల ప్రపంచ రికార్డు 9.97. ట్రేవాన్ బ్రోమెల్ అనే అమెరికా కుర్రాడు 2014లో పెట్టింది. కాబట్టి ఏ ప్రపంచ రికార్డూ బద్దలవలేదు. తన వెనక 10.22లో వచ్చిన ఇద్దరు అమెరికన్లని దాటి, ఆ పోటీల్లో ఇండోనేషియాకి మొట్టమొదటి స్వర్ణం తెచ్చాడు. ఆ గొప్ప చాలదా, లేనిది కూడా తగిలించాలా?

చిట్టచివరి లైన్, అంటే ఎనిమిదో లైన్, మాట కూడా అంతే. సెమీస్‌లో బాగా పరిగెత్తిన నలుగురికి మధ్య లైన్లు, తర్వాతి ఇద్దరికి 7, 8, అందరికన్నా వెనకున్న ఇద్దరికి 1, 2 ఇవ్వాలని అప్పటి నిబంధన. అతన్ని ఎవరూ మూలకి తోసెయ్యలేదు.

కోచ్ లేడన్నది పచ్చి అబద్ధం. లాంబోక్ దీవిలో అతను చదివిన బడిలో వ్యాయామం టీచరమ్మ ముందు కనిపెట్టారు, ఫుట్‌బాల్ అంటూ తిరిగే పిల్లాణ్ణి పరుగుకి మళ్లించారు. అక్కణ్ణుంచి మతారం పట్నంలో ప్రభుత్వం నడిపే విద్యార్థి క్రీడాకేంద్రానికి వెళ్లాడు. ఆ తర్వాత జాతీయ శిబిరంలో ఏనీ నురైనీ అనే కోచ్ దగ్గర సాధన చేశాడు. టాంపెరేకి నెల ముందే జపాన్‌లోని గిఫులో ఆసియా జూనియర్ వంద మీటర్లు గెలిచాడు. ఒక బడి టీచరు, ఒక హాస్టలు, ఒక శిబిరం, ఒక కోచ్. మెసేజ్ రాసినాయన వీళ్లందర్నీ ఒక్క మాటతో చెరిపేశాడు. నేనూ పీఈటీనే కాబట్టి ఇది నాకు గుచ్చుకుంటుంది, దాచుకోను.

ఇక బూట్లు. అసలు కోపం ఇక్కడే.

వీడియోలో అతని కాళ్లు చూడండి. స్పైక్స్ ఉన్నాయి. ఉండక ఏం చేస్తాయి? స్పైక్స్ అడుగున పాదం ముందు భాగంలో చిన్న మేకులుంటాయి, సింథటిక్ ట్రాక్ మీద 9 మిల్లీమీటర్లకి మించకూడదు. పరుగు మొదట్లో కాళ్లు ఆనించే బ్లాకుల మీంచి తన్ని లేచినప్పుడు ఆ మేకులు ట్రాక్‌ని పట్టుకుంటాయి, కాలు వెనక్కి జారదు. వంద మీటర్లలో మొదటి పది అడుగులు జారితే తర్వాత ఎంత కసి ఉన్నా ఆ దూరం పూడదు. టాంపెరేలో మొదటి స్థానానికీ రెండో స్థానానికీ మధ్య తేడా సెకనులో నూరో వంతులు నాలుగే. ఒట్టికాళ్లతో అయితే ఆ నాలుగూ ఎక్కణ్ణుంచి వస్తాయి?

చిన్నప్పుడు ఒట్టికాళ్లతో పరిగెత్తాడన్నది నిజం. అతను గెలిచాక ఇంటర్వ్యూల్లో వాళ్ల అక్క ఇంకో మాట కూడా చెప్పింది, దాన్ని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. పోటీకి వెళ్లేముందు కొత్త బూట్లకి 4 లక్షల రుపియాలు కావాలని అతను అక్కని అడిగాడు. అప్పటి లెక్కలో మన రెండువేల రూపాయల లోపే. వెదురు తడికల ఇంట్లో బతికే పిల్లాడు నోరు తెరిచి అడిగింది బూట్లే. బూట్లు అక్కర్లేదని అతను అనలేదు, మీరంటున్నారు.

ఈ మాట వల్ల ఏం జరుగుతుందో మా ఊళ్లో నా కళ్లతో చూశాను. జోనల్ మీట్ లోపు మా పిల్లలకి నాలుగు జతల స్పైక్స్ కొనిస్తానని రొయ్యల చెరువులున్న ఒక పెద్దాయన మాటిచ్చారు. దగ్గరపడ్డాక గుర్తుచేస్తే, జవాబుగా ఈ మెసేజే పంపి, కింద "చూడండి మాస్టారూ" అని రాశారు. ఆయన మనవడు షటిల్ కోచింగ్‌కి రోజూ కార్లో భీమవరం వెళ్తాడు. ఆ అబ్బాయికి "కసి ఉంటే చాలు, బ్యాట్ దండగ" అని ఎవరైనా చెప్పగలరా? పేదవాడి పిల్లాడికే ఈ ఉపదేశం ఎందుకు? వాడి దగ్గర కసి ఉంది కాబట్టి మన దగ్గర డబ్బు ఉంచేసుకోవచ్చనా?

గోదారి గట్టు గొప్పదంటున్నారు కదా, ఒకసారి నాతో వచ్చి ఆ గట్టు మీద నడవండి. ఎర్ర కంకర, మధ్యలో బైకుల చాళ్లు, పక్కన గడ్డిలో పల్లేరు ముళ్లు. పరిగెత్తి వచ్చిన పిల్లాడు ముందు నేలమీద చతికిలబడి, మడమ వెనక్కి తిప్పి, గోటితో ముళ్లు తీసుకుంటాడు. ఒకడికి రాయి తగిలి బొటనవేలి గోరు సగం లేచిపోయింది. గుడ్డ చుట్టుకుని మర్నాడు మళ్లీ వచ్చాడు. ఇది చూసి మీకు స్ఫూర్తి కలుగుతుందేమో, నాకు మాత్రం సిగ్గేస్తుంది. బడి గ్రౌండ్లో పరిగెత్తిద్దామంటే మన ఒండ్రునేల వానాకాలం అంతా బురదే. బ్లాకులు మేకులేసి దిగ్గొడితే, పిల్లాడు గట్టిగా తన్నగానే మేకుతో సహా ఊడొస్తాయి. అందుకని గట్టిగా తన్నడమే మానేస్తారు. అలా మానేసిన పిల్లాడికి సింథటిక్ ట్రాక్ మీద మొదటిసారి నిలబడేసరికి స్టార్ట్ ఎలా వస్తుంది?

"మావాడు గట్టుమీద పదకొండులో కొట్టాడండీ" అని చెప్పేవాళ్లకొక మాట. చేత్తో నొక్కిన టైముకి వంద మీటర్లలో 0.24 సెకన్లు కలిపాకే ఎలక్ట్రానిక్ టైముతో పోల్చాలి. గట్టు మీద దూరం సరిగా కొలిచింది ఎవరు? 2019లో మధ్యప్రదేశ్ కుర్రాడొకడు ఒట్టికాళ్లతో పదకొండు సెకన్లని దేశమంతా వీడియో తిప్పారు. భోపాల్ తీసుకెళ్లి ట్రాక్ మీద పరిగెత్తిస్తే చివర వచ్చాడు. తప్పు ఆ పిల్లాడిది కాదు. సాధన లేకుండా, కెమెరాల ముందు అతన్ని నిలబెట్టినవాళ్లది. తర్వాతి ఏడాది కర్ణాటక కంబళలో దున్నలతో పరిగెత్తినాయన్ని పరుగుల వీరుడు ఉసేన్ బోల్ట్‌తో పోల్చారు. దున్నలు లాక్కెళ్లిన పరుగది! ఆయన తెలివైనవాడు, ట్రాక్ ట్రయల్‌కి రానన్నాడు.

కొందరు మెసేజ్ చివర అస్సాం అమ్మాయి హిమదాస్ పేరు కలుపుతున్నారు. జోహ్రీ గెలిచిన మర్నాడే అదే టాంపెరేలో 400 మీటర్లు 51.46 సెకన్లలో గెలిచి మన జెండా ఎగరేసింది. వరిచేలో మొదలెట్టింది నిజమే. కానీ నిపోన్ దాస్ అనే కోచ్ ఇంట్లోవాళ్లని ఒప్పించి గౌహతి తీసుకెళ్లకపోతే వరిచేలోనే ఉండేది. అంత దూరం ఎందుకు, మన తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 ప్యారిస్ ఒలింపిక్స్‌లో 4x400 రిలే పరిగెత్తింది. గోదారి పిల్లలకి కాళ్లల్లో సత్తువ లేదని నేనన్లేదు. ఆ సత్తువ ప్యారిస్ దాకా వెళ్లాలంటే గట్టు చాలదు, జాతీయ శిబిరం కావాలి, కోచ్‌లు కావాలి.

ఒట్టికాళ్ల పరుగులో అసలు మంచే లేదని కూడా అనను. మెత్తని పచ్చిక మీద వారానికి కాసేపు బూట్లు విప్పి పరిగెత్తిస్తే పాదం గట్టిపడుతుంది, మేమూ చేయిస్తాం. అది కోచ్ దగ్గరుండి చేయించే కసరత్తు. కొనిపెట్టే దిక్కులేక పరిగెత్తడం వేరు.

మెసేజ్‌లో నేను కాదనలేనిది ఒకటుంది. జెండా. గెలిచిన వెంటనే పక్కనున్న అమెరికా కుర్రాళ్లు జెండాలు కప్పుకుని ఫొటోలు దిగుతున్నారు, మొదటొచ్చిన జోహ్రీ కాసేపు ఖాళీ చేతులతో నిలబడ్డాడు. వీడియోలో కనిపిస్తుంది. అతను గెలుస్తాడని ఎవరైనా అనుకుని ఉంటే జెండా గెలుపు గీతకి అవతలే సిద్ధంగా ఉండేది. గెలిచాక మాత్రం దేశాధ్యక్షుడే అతని ఇల్లు బాగుచెయ్యమని ఆదేశించాడు. మా దగ్గరా ఇంతే. జిల్లా మీట్‌లో మొదటొస్తే స్టేట్‌కి వెళ్లాలని అందరికీ తెలుసు. ఆ బస్సు చార్జీలు మాత్రం పిల్లాడు గెలిచొచ్చాకే, రాత్రికి రాత్రి, టీచర్ల జేబుల్లోంచి వెతుక్కోవాలి.