హెచ్‌ఈసీ పిల్లలకు ఐఐటీ గేటు ఎటువైపు?

ఇంటర్‌లో హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) తీసుకున్నానని చెబితే మన దగ్గర ముందుగా ఎదురయ్యే ప్రశ్న, 'టెన్త్‌లో మార్కులు తక్కువొచ్చాయా?' అని. అదే పిల్ల ఐఐటీలో చదువుతానంటే ఇంట్లోవాళ్లే నవ్వుతారు. నవ్వాల్సిన పని లేని కాలం ఒకటి ఉండేది. ఐఐటీ మద్రాస్ 2006లో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఏ మొదలుపెట్టింది. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా సరే, హెచ్‌ఎస్‌ఈఈ అనే ప్రవేశ పరీక్ష రాసి డెవలప్‌మెంట్ స్టడీస్‌లోనో ఇంగ్లిష్ స్టడీస్‌లోనో చేరిపోవచ్చు. 'ఐఐటీలో ఎంఏనా?' అని చుట్టాలు నోరు తెరిచేవారు, అది వేరే సంగతి.

2023లో ఆ దారి మూసేశారు. దాని స్థానంలో రెండేళ్ల ఎంఏ వచ్చింది. డిగ్రీ పూర్తి చేసి, పీజీ ప్రవేశాలకు పెట్టే జాతీయ స్థాయి పరీక్ష గేట్ రాసి రావాలి.

ఆ గేట్‌లో హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ పేపర్ 2021 నుంచి ఉంది. దాన్ని ఒకసారి తెరిచి చూడండి. ఎంచుకోవడానికి ఆరు సబ్జెక్టులు: ఎకనామిక్స్, ఇంగ్లిష్, లింగ్విస్టిక్స్, ఫిలాసఫీ, సైకాలజీ, సోషియాలజీ. హిస్టరీ లేదు, పొలిటికల్ సైన్స్ లేదు. అంటే హెచ్‌ఈసీలో 'హెచ్' పోయింది, 'సీ' పోయింది, 'ఈ' మాత్రం మిగిలింది. ప్రభుత్వం ఎలా నడుస్తుందో, చట్టం ఎవరి మెడకు చుట్టుకుంటుందో చదివే సబ్జెక్టుకు అక్కడ చోటు లేకపోవడం నాకు చిన్న విషయంగా కనిపించదు.

టెక్నాలజీ విద్యాసంస్థలో సోషల్ సైన్స్ ఎందుకంటే సాధారణంగా వినిపించే జవాబు ఒకటుంది. ఇంజినీర్లకు నలుగురితో మాట్లాడటం రావాలి, విలువలు తెలియాలి, ఇంటర్వ్యూలో పనికొస్తుంది అని. బీటెక్‌లో హ్యుమానిటీస్ క్రెడిట్లను చాలామంది పిల్లలు 'ఈజీ గ్రేడ్' కింద జమ కట్టేది అందుకే. గోడ కట్టేశాక వేసే సున్నం లాగా చూస్తున్నారు ఈ చదువును. పునాది తవ్వేటప్పుడే దీని పని ఉందని చెప్పే ఉదాహరణ మన రాష్ట్రంలోనే దొరుకుతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి డబ్బులు, పింఛన్లు వేలిముద్రతో ఇచ్చే స్మార్ట్ కార్డులు వచ్చిన రోజులు గుర్తుండే ఉంటాయి. ఏ మండలానికి ముందు, ఏ మండలానికి తర్వాత అన్నది లాటరీ పద్ధతిలో తేల్చి, కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ఆర్థికవేత్తలు 2010-12 మధ్య 157 మండలాల్లో ఫలితాలు కొలిచారు. డబ్బులు త్వరగా అందాయి. మధ్యలో కారిపోయేది తగ్గింది. మెషీన్ గెలిచిందని ఇక్కడితో ఆపేస్తే ఇంజినీరింగ్ విజయగాథే.

తర్వాత వాళ్లే జార్ఖండ్‌లో రేషన్ షాపులను చూశారు. అక్కడా వేలిముద్రే, ఈసారి ఆధార్‌తో. మొదటి దశలో లీకేజీ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు సరికదా, ఆధార్ జతకాని అర్హులకు అందే సరుకు విలువ దాదాపు 10 శాతం పడిపోయింది. తేడా ఎక్కడొచ్చింది? మన దగ్గర కార్డు లేనివాళ్లకు, వేలిముద్ర పడనివాళ్లకు వేరే పద్ధతిలో డబ్బులిచ్చే వెసులుబాటు ఉంచారు. అక్కడ ఆధార్ తప్పనిసరి చేశారు. సెన్సర్ ఎంత మంచిదైనా, రాయి కొట్టి కొట్టి గీతలు అరిగిపోయిన వేలు దాని మీద పెట్టిన కూలీకి ఏం జరగాలన్నది సర్క్యూట్‌లో ఉండదు. జీవోలో ఉంటుంది. ఆ జీవోను చదవడం నేర్పేది పొలిటికల్ సైన్సే, గేట్‌లో లేని ఆ సబ్జెక్టే.

అమెరికాలోని ఎంఐటీ ఈ సంగతి 1949లోనే తేల్చుకుంది. వారెన్ లూయిస్ అనే కెమికల్ ఇంజినీర్ నాయకత్వంలోని కమిటీ, సైన్స్, ఇంజినీరింగ్‌లతో సమానంగా హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్‌కూ ఒక స్కూల్ ఉండాలంది. మరుసటి ఏడాదే అది ఏర్పడింది. సలహా ఇచ్చింది ఫిలాసఫీ మేస్టారు కాదు, ఇంజినీరే. ఇవాళ అక్కడ డిగ్రీ కావాలంటే ఏ బ్రాంచి వాళ్లయినా ఈ వైపు నుంచి కనీసం ఎనిమిది సబ్జెక్టులు చదవాలి. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో పనిచేసింది అక్కడే. హైదరాబాద్‌లో 104 బస్తీలు తీసుకుని, సూక్ష్మరుణాలతో పేద కుటుంబాల బతుకు నిజంగా మారుతుందా అని పరీక్షించిన బృందంలో వీళ్లిద్దరూ ఉన్నారు. కొద్దిగా వ్యాపారాలు పెరిగాయి గానీ సగటు కుటుంబం ఖర్చు పెట్టే స్తోమత పెరగలేదని తేలింది. మన బస్తీ ప్రశ్న మసాచుసెట్స్ నుంచి రావాల్సి వచ్చిందన్నదే కాస్త గుచ్చుకుంటుంది.

రెండేళ్ల ఎంఏ తక్కువదని కాదు. పరిశోధన వైపు వెళ్లాలనుకునేవాళ్లకు అదే మెరుగు కావచ్చు. కానీ పద్దెనిమిదేళ్లప్పుడు చేరి, ఒకే హాస్టల్లో ఉంటూ, మెస్‌లో సాంబారు పోసుకుంటూ బీటెక్ వాడితో 'నీ యాప్‌కి స్మార్ట్‌ఫోన్ లేని ముసలమ్మ ఎలా దరఖాస్తు పెడుతుంది?' అని వాదించేవాళ్లు పోయారు. ఏ కరికులం కమిటీ తయారుచేయలేని క్లాసు అది. ఐఐటీ బాంబే, కాన్పూర్‌లలో బీఎస్ ఎకనామిక్స్ ఉంది కదా అంటారు. ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకు ఉన్నవాళ్లకు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్‌తో హ్యూమన్ సైన్సెస్ కలిపి చదివే ఐదేళ్ల కోర్సు నిజంగా మంచి ఆలోచన. దానికీ ఎంపీసీ దారినే రావాలి. మొత్తానికి కార్పొరేట్ కాలేజీ గడప తొక్కకుండా టెక్నాలజీ క్యాంపస్‌లో సమాజం గురించి చదవడం కష్టం.

సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో లిబరల్ ఆర్ట్స్ డిపార్ట్‌మెంట్ ఉంది, డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఎంఏ ఉంది. అదీ డిగ్రీ అయ్యాకే. అదే క్యాంపస్‌లో బ్యాచిలర్ ఆఫ్ డిజైన్‌లో చేరడానికి మాత్రం ఇంటర్ ఏ గ్రూపయినా అభ్యంతరం లేదు, డిజైన్ ప్రవేశ పరీక్ష యూసీడ్‌లో ర్యాంకు వస్తే చాలు. కుర్చీ డిజైన్ చేయడానికి హెచ్‌ఈసీ అమ్మాయిని రమ్మంటున్న గేటు, ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చదువుతానంటే మూడేళ్లు ఆగి రమ్మంటోంది.