యాడ నొస్తాందో ముందు అడగండి

విదేశాల్లో ఉండే మనం ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు అమ్మో నాయనో "తుంటి కాడ నొప్పి" అన్నారంటే, మనలో చాలామంది చేసే మొదటి పని డబ్బులు పంపి నడుముకు ఎంఆర్ఐ తీయించమనడం. రెండో పని, ఆ రిపోర్టు వాట్సాప్‌లో తెప్పించుకుని అందులో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త బయటికి ఉబ్బడం) అని కనబడగానే టెన్షన్ పడటం. ఈ వరసే తప్పంటాను నేను. వయసు మీద పడితే ఏ నొప్పీ లేనివాళ్లకు తీసినా బల్జ్ కనిపిస్తుంది. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్ష లెక్క ప్రకారం, నడుము నొప్పి లేని 80 ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి అది ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని నడుముకు మందులు మింగుతూ కూచుంటే, అరిగింది తుంటి కీలైనప్పుడు దాని సంగతి ఎవరు చూస్తారు?

ముందు నొప్పి ఎక్కడో చేత్తో చూపించమనండి. తుంటి కీలు చెడితే నొప్పి ఎక్కువగా గజ్జల్లో, తొడ ముందువైపు వస్తుంది, ఒక్కోసారి మోకాలి దాకా దిగుతుంది. అట్లా కాకుండా పక్కన ఎముక తగిలేచోట నొప్పి ఉండి, ఆ పక్కకు తిరిగి పడుకోలేకపోతుంటే, కీలు బాగానే ఉండి పిర్ర కండరాల టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాళ్లలాంటివి, దెబ్బతిని ఉండొచ్చు. నలభై దాటిన ఆడవాళ్లలో ఇది బాగా ఎక్కువ, దీనికి సరైన వ్యాయామమే అసలు మందు. పిర్ర వెనక మొదలై మోకాలు దాటి పాదం వరకు తిమ్మిరితో లాగితే అప్పుడు నడుమును అనుమానించాలి.

చిక్కేమిటంటే, మన పెద్దవాళ్లు గజ్జల్లో నొప్పని నోరు విప్పి చెప్పరు. కొడుకుతో అసలే చెప్పరు, మగ డాక్టరుతోనూ చెప్పరు. జమ్మలమడుగు దగ్గర మా చిన్నమ్మ "మోకాలు నొస్తాంది నాయనా" అనే చెప్తూ వచ్చింది. మోకాలికి ఎక్స్‌రేలు తీశారు, నూనెలు రాశారు, బెల్టు కట్టారు, గుణం లేదు. వీడియో కాల్‌లో "యాడో చెయ్యి పెట్టి చూపించు చిన్నమ్మా" అంటే కాసేపు నవ్వి, ఫోను చిన్నాయన చేతికిచ్చి, బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు గజ్జ మీదికి వచ్చేలా తుంటిని చుట్టి పట్టుకుంది. కీలు నొప్పి ఉన్నవాళ్లు చాలామంది చెయ్యి అట్లాగే పెడతారు, ఎముకల డాక్టర్లు దాన్నొక గుర్తుగా చూస్తారు. అడిగేకొద్దీ ఒక్కొక్కటే బయటపడ్డాయి. శెనక్కాయలు వలవడానికి కింద కూచోలేదు, కాలి మెట్టె సర్దుకోవడానికి వంగలేదు, బస్సు మెట్టు ఎక్కాలంటే కమ్మీ పట్టుకోవాలి. తమ్ముడు ఆమెను మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు పైకి మడిచి పాదాన్ని మెల్లగా బయటికి తిప్పితే గజ్జలో చురుక్కుమంది. రెండు తుంట్లూ పడేలా ఒక్క పెల్విస్ ఎక్స్‌రే తీస్తే, ఆ పక్క కీలులో సందు దాదాపు లేదు, అంటే కీలు అరిగిపోయింది. ఎంఆర్ఐతో పోలిస్తే దాని ఖర్చెంత!

కాబట్టి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు పడుకోబెట్టి తుంటి తిప్పి చూడమని మనవాళ్లే అడగాలి. ఓపీలో జనం కిటకిటలాడుతుంటే కుర్చీలో ఉండగానే చీటీ చేతికొస్తుంది.

ఎంఆర్ఐ అసలు వద్దనడం లేదు. ముప్పై, నలభై ఏళ్లవాళ్లకు గజ్జల్లో నొప్పి వచ్చి, గతంలో స్టెరాయిడ్లు వాడినా, మద్యం బాగా తాగే అలవాటున్నా, తుంటి కీలులో బంతిలా ఉండే తొడ ఎముక తలకు రక్తం అందక ఎముక చచ్చుబడుతూ ఉండొచ్చు. మొదట్లో ఎక్స్‌రేలో ఇది కనిపించదు, అక్కడ ఎంఆర్ఐకి పెట్టే డబ్బు దండగ కాదు. మెడికల్ షాపులో పొట్లం కట్టిచ్చే నొప్పి మాత్రల్లో స్టెరాయిడ్ ఉంటే నొప్పి వెంటనే తగ్గుతుంది, అదే పనిగా వాడితే ఆ జబ్బే తెచ్చిపెట్టొచ్చు. కుర్రాళ్లకు పొద్దున లేవగానే పిర్రలు పట్టేసి, తిరిగేకొద్దీ సడలుతుంటే వాతం జబ్బుల డాక్టరును కలవాలి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీని మరవొద్దు. పిల్లాడు మోకాలు నొప్పని కుంటుతుంటే తుంటి కూడా చూడాల్సిందే.

అమ్మానాన్నలు వీసా మీద వచ్చినప్పుడు మనమే చెప్పాల్సిన సంగతి ఒకటుంది. అనంతపురం జిల్లాలో చాలా పల్లెల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఏళ్ల తరబడి అవే తాగినవాళ్లకు వెన్ను, తుంట్లు బిగుసుకుపోతాయి, ఎక్స్‌రేలో ఎముక మామూలుకంటే తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ఇక్కడి డాక్టరుకు ఆ ఆలోచన తట్టకపోవచ్చు, ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో చెప్పండి.

ఇంకొకటి మాత్రం ఫోన్లో వాదించే వ్యవహారం కాదు. పెద్దవాళ్లు బాత్‌రూమ్‌లో జారి పడి, కాలు మోపలేక, ఆ కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి దగ్గర తొడ ఎముక విరిగి ఉండొచ్చు. పసరు కట్టు కట్టించి తెల్లారేదాకా చూద్దామనుకోకుండా 108కి ఫోన్ చేయమనండి. కదిలించకుండా పడుకోబెట్టి, ఆపరేషన్ చేసే ఎముకల డాక్టరున్న ఆసుపత్రికి ఆ రాత్రే తీసుకుపోవాలి. ఎక్స్‌రేలో ఏమీ లేదని పంపేసినా, కాలు మోపలేకపోతుంటే మళ్లీ చూడమని పట్టుబట్టండి, సన్న పగులు మొదటి ఎక్స్‌రేలో దొరక్కపోవచ్చు.