అందరికీ సమానంగా తాళం

నల్లపిల్లలూ తెల్లపిల్లలూ ఒకే బడిలో చదవాలని కోర్టు ఆజ్ఞాపిస్తే ఏం చెయ్యాలి? అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం, ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ (మన జిల్లాలాంటిది) పెద్దలకు తట్టిన ఉపాయం ఏ చాణక్యుడికీ తట్టి ఉండదు. 1959లో వాళ్లు కౌంటీలోని ప్రభుత్వ బడులన్నీ మూసేశారు. బడే లేకపోయాక అందులో వివక్ష ఎక్కడినుంచి వస్తుంది?

పాపం, అంతకుముందు కూడా వాళ్లు లోటేమీ చెయ్యలేదు. ఆ కౌంటీలోని ఫార్మ్‌విల్ ఊళ్లో నల్లపిల్లలకు మోటన్ హైస్కూలు ఉండేది. 180 మందికని కట్టిన దాంట్లో 450 మందికి పైగా చదివేవారు. పట్టనివాళ్లకు తారుకాగితం కప్పిన పాకలు వేయించారు. వానొస్తే క్లాసులోనే గొడుగు విప్పుకోవచ్చు. చలికాలంలో పొయ్యి పక్కవాడికి చెమటలు, వెనకవాడికి కోటు వేసుకున్నా వణుకు. ఒకే గదిలో రెండు రుతువులు! 'వేరైనా సమానమే' అని 1896లో సుప్రీంకోర్టు ఇచ్చిన భరోసా ఇలా అమలయ్యేది.

ఈ వైభవం బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల పిల్లకు నచ్చలేదు. 1951 ఏప్రిల్లో ఒక దొంగ ఫోన్‌తో ప్రిన్సిపాల్‌ని బయటికి పంపించి, హాల్లో అందర్నీ కూడేసి సమ్మె కట్టించింది. పిల్లలడిగింది కొత్త బిల్డింగే. లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ మాత్రం, అసలు వేరు బడులే వద్దంటే వాదిస్తామన్నారు. కేసు పడ్డాక కౌంటీ ఖజానాకు ఎక్కడలేని కళ వచ్చింది, 1953కల్లా కొత్త హైస్కూలు లేచింది. ఆరేళ్ల తర్వాత దానికీ తాళమే అనుకోండి.

ఆ కేసు మరో నాలుగింటితో కలిసి 'బ్రౌన్' తీర్పు అయింది. 1954 మే 17న, వేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా తేల్చారు. ఎప్పటిలోగా కలపాలన్నదానికి తేదీ పెట్టలేదు. మరుసటి ఏడు మాత్రం, తగినంత ఆలోచనతో కూడిన వేగంతో కానిమ్మన్నారు. పెద్దలు ఆలోచన ఉంచుకుని వేగం వదిలేశారు. నిదానమే ప్రధానం కదా!

ఎంత నిదానమైనా చివరికి కలపక తప్పని రోజొచ్చింది. కౌంటీని నడిపే సూపర్వైజర్ల బోర్డు, బడుల్ని పోషించే స్కూలు పన్నే వెయ్యడం మానేసింది. తెల్లపిల్లలకు ప్రైవేటు అకాడమీ సిద్ధం, కొన్నాళ్లకు ఫీజులకు సర్కారు గ్రాంట్లు కూడా. నల్లపిల్లల్లో కొందరు పక్క ఊళ్లలో చుట్టాలింటికెళ్లి చదివారు, ఎందరికో చదువే ఆగింది. అయిదేళ్లు! (ఇలాంటి విద్యాభిమానం మరోచోటా ఉంది. 1958లో ఆర్కన్సాస్ రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో హైస్కూళ్లు మూసేసినా వాటి ఫుట్‌బాల్ జట్లు మైదానంలోకి దిగాయి.)

ఆలోచన మరీ ఎక్కువైంది, వేగమే చాల్లేదని 1964లో జస్టిస్ హ్యూగో బ్లాక్ విసుక్కున్నాడు. అవసరమైతే పన్ను వేయించైనా బడులు తెరిపించవచ్చని సుప్రీంకోర్టు చెప్పింది. వేగం చాల్లేదట! ఆ ఆగస్టులో, గ్రాంట్లను కోర్టు ఆపేస్తుందేమోనని తెలియగానే బోర్డు రాత్రికి రాత్రి కూర్చుంది. నిద్రపోతున్న తెల్ల తల్లిదండ్రులను లేపి మరీ సుమారు 1,80,000 డాలర్ల చెక్కులు పంచిపెట్టింది.