డాన్ జువాన్‌కు సొంత సంగీతం ఉంది, దయచేసి దాన్ని తీసేయకండి

1926లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘డాన్ జువాన్’ ప్రస్తావన వస్తే మన సినిమా గ్రూపుల్లో రెండే రెండు మాటలు తిరుగుతాయి. ఒకటి అందులో హీరో జాన్ బారీమోర్ పెట్టిన ముద్దుల లెక్క. ఒకరు 127 అంటారు, ఇంకొకరు 191 అంటారు. రెండోది, తొలి టాకీగా పేరుపడ్డ ‘ద జాజ్ సింగర్’ రావడానికి ముందు చేసిన ఓ చిన్న ప్రయోగం అని తేల్చేయడం. ఆ రెండూ రాసేసి, కింద ఎవరో ఎక్కడిదో పియానో ట్రాక్ అతికించిన కాపీ లింకు పెడతారు. నాకు కోపం తెప్పించేది ఆ లింకే.

ఈ సినిమాలో మాటలు లేవు, టైటిల్ కార్డులే ఉన్నాయి. కానీ 1926 ఆగస్టు 6న న్యూయార్క్ వార్నర్స్ థియేటర్లో పడ్డప్పుడు తెర ముందు వాద్యబృందం లేదు. విలియం ఆక్స్‌ట్, డేవిడ్ మెండోజా కూర్చిన సంగీతాన్ని హెన్రీ హాడ్లీ నడిపించగా న్యూయార్క్ ఫిల్హార్మానిక్ వాయించింది. అది వైటాఫోన్ రికార్డుల్లోంచి, తెర వెనక పెట్టిన హారన్లలోంచి వినిపించింది. ఫిల్ముతో పాటు గ్రామఫోను రికార్డును జత కలిపి తిప్పే పద్ధతి పేరే వైటాఫోన్. సంగీతంతో పాటు కత్తుల చప్పుడు, గంటల మోత, తలుపు తట్టిన శబ్దం కూడా. దర్శకుడు ఆలన్ క్రాస్లండ్. పద్నాలుగు నెలల తర్వాత ‘జాజ్ సింగర్’ తీసిందీ ఆయనే, వాడిందీ ఇదే పద్ధతి. అలాంటప్పుడు దీన్ని చిన్న ప్రయోగం అనడం ఏం న్యాయం?

ఆ పద్ధతి ఎంత కష్టమైనదో తెలిస్తే ఆ ట్రాక్ తీసేయడానికి ఎవరికీ చేతులు రావు. రికార్డు 16 అంగుళాల వెడల్పు, నిమిషానికి 33⅓ చుట్లు. వెయ్యి అడుగుల రీలు నిమిషానికి 90 అడుగుల చొప్పున సుమారు 11 నిమిషాలు నడుస్తుంది. మామూలు 78 చుట్ల రికార్డు నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది కాబట్టి వేగం తగ్గించి, పళ్ళెం పెద్దది చేశారు. ముల్లు లోపలి గాడిలో మొదలై బయటికి నడుస్తుంది. లోపలి గాడి ముల్లు కింద బయటి గాడిలో సగం వేగంతోనే కదులుతుంది, శబ్దం అక్కడే తొందరగా చెడుతుంది. అందుకని ఉక్కు ముల్లు కొత్తగా, పదునుగా ఉన్నప్పుడే ఆ భాగం దాటించేవాళ్ళు. లేబుల్ దగ్గర బాణం గుర్తు ఉంటుంది, ముల్లు అక్కడ ఆనించాలి. ఫిల్ములో ‘స్టార్ట్’ అని రాసిన ఫ్రేము సరిగ్గా ప్రొజెక్టర్ గేటులో, అంటే వెలుతురు పడే చోట ఉండాలి. రెండింటినీ ఒకే మోటారు తిప్పుతుంది. లక్క రికార్డు ఓ ఇరవై ఆటలకే అరిగిపోతుంది. ఎన్నిసార్లు వేశారో కొట్టేసుకోవడానికి లేబుల్ మీదే గళ్ళు ఉండేవి.

ఇక తప్పు జరిగితే? ముల్లు ఒక్క గాడి ఎగిరిందంటే 1.8 సెకన్లు, అంటే 43 ఫ్రేములు పోయినట్టే. ఫిల్ము తెగి ఆపరేటరు 12 ఫ్రేములు కోసి అతికిస్తే ఆ రీలు ముగిసేదాకా బొమ్మ అర సెకను ముందుంటుంది. అందుకే ఎన్ని ఫ్రేములు పోతే అన్ని నల్ల ఫ్రేములు లెక్కపెట్టి కలపాల్సి వచ్చేది. రికార్డింగు సంగతి ఇంకా ఘోరం. అప్పుడు శబ్దాన్ని నేరుగా మైనం పళ్ళెం మీద గీసేవాళ్ళు, దానిమీద కత్తిరించి అతికించడమన్నది కుదరదు. తొమ్మిదో నిమిషంలో ఒక్క బాకా తడబడితే మళ్ళీ మొదటినుంచి వాయించాల్సిందే. అది కూడా మన్‌హట్టన్ ఒపేరా హౌస్‌లో, బయట సబ్‌వే సొరంగం కోసం బండలు పేలుస్తుంటే!

ఈ శ్రమంతా ఫలించిన చోటు విలన్ డొనాటీతో కత్తియుద్ధం. డొనాటీగా వేసిన మాంటగు లవ్, బారీమోర్ మెట్ల మీద తలపడతారు, చివరికి బాకులు దూస్తారు, బారీమోర్ పై మెట్టు మీంచి ఎగిరి అతని మీద దూకుతాడు. వాద్యబృందం ఆ గొడవను ఒక్కో మెట్టే పైకి లాక్కెళ్తుంది. అక్కడ నిదానపు పియానో వేస్తే ఆ దూకుడు బలం మొత్తం చచ్చిపోతుంది. బారీమోర్ ఏ మేకప్పూ లేకుండా ముఖం వంకర్లు తిప్పి చిత్రహింసలు పెట్టే నేరీగా మారే ఘట్టమూ అంతే. నా దృష్టిలో అతని నటనకు పరాకాష్ఠ అదే, ముద్దులు కావు.

మరి సరైన కాపీ ఎలా పోల్చుకోవాలి? నిడివి దాదాపు గంటా యాభై నిమిషాలు ఉండాలి. సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నడవాలి. పాత మూకీ కదా అని 18కి తగ్గిస్తే రెండు గంటలు దాటిపోతుంది, సంగీతం కుదరనే కుదరదు. బొమ్మ 4:3 నిష్పత్తిలో ఉండాలి. టీవీ తెర నిండా సాగదీస్తే బారీమోర్ ముక్కు అన్యాయమైపోతుంది. వైటాఫోన్ సినిమాల్లో శబ్దం రికార్డు మీద ఉంటుంది గనక ఫిల్ము వెడల్పంతా బొమ్మకే. తర్వాతి రోజుల్లో అలాంటి సినిమాలను పక్కన సౌండ్ ట్రాక్ ఉన్న ప్రింట్లుగా మార్చినప్పుడు ఎడమ అంచు తెగిపోయేది. మనుషులు అదేపనిగా ఎడమ పక్కకు నొక్కుకుపోయినట్టు కనిపిస్తే మీ కాపీ అలాంటిదేమో చూడండి.

శబ్దంలో సరసరమనే చప్పుడు ఉంటుంది, ఉండాలి. దాన్ని పూర్తిగా తుడిచేసిన కాపీల్లో వయొలిన్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి. స్పీకర్లో బాస్ పెంచకండి, ఆ రికార్డుల్లో పెంచడానికి అంత బాస్ లేదు.

ఒక మాట ఒప్పుకోవాలి. అప్పట్లో వైటాఫోన్ యంత్రం ఉన్న హాళ్ళు బహు తక్కువ. చాలాచోట్ల ఈ సినిమాను స్థానిక వాద్యకారులతోనే ఆడించారు. కాబట్టి ఎవరైనా సినిమా చూసి, సాధన చేసి, ప్రేక్షకుల ముందు కూర్చుని వాయిస్తే దానికి దండం పెడతాను. నేను అంటున్నది సినిమా చూడకుండానే అతికించిన ట్రాకుల గురించి.

రికార్డునూ ఫిల్మునూ జత కలిపే కష్టం మనవాళ్ళకు కొత్తదేమీ కాదు. మన రఘుపతి వెంకయ్య నాయుడు 1910 ప్రాంతంలోనే, రికార్డుతో బొమ్మను జతచేసే క్రోనోమెగాఫోన్ యంత్రం తెప్పించి మద్రాసులో బొమ్మకు శబ్దం జతచేసి చూపించారు. ఆ వారసత్వం చెప్పుకునే ఫిల్మ్ సొసైటీలు ఈ సినిమా వేసేటప్పుడు శబ్దం కట్టేయడం నాకు మింగుడుపడదు.

వేసేవాళ్ళకు ఒక సూచన. తొలి ప్రదర్శనలో సినిమాకు ముందు వైటాఫోన్ లఘుచిత్రాలు పడ్డాయి. అమెరికా సినిమా నిర్మాతల సంఘం అధినేత విల్ హేస్ ప్రసంగం, ఫిల్హార్మానిక్ వాయించిన వాగ్నర్ ఒపేరా ‘టాన్‌హాయిజర్’ ప్రారంభగీతం, ఒపేరా గాయకుడు జొవాని మార్టినెల్లి పాట, రాయ్ స్మెక్ గిటారు వాటిలో ఉన్నాయి. వీటిలో కనీసం మార్టినెల్లిని సంపాదించి ముందు వేయండి. హాల్లో వాల్యూమ్ అతని గొంతుకు సరిచూసి, పది నిమిషాల విరామం ఇచ్చి, ఆ నాబ్ మళ్ళీ ముట్టుకోకుండా సినిమా మొదలుపెట్టండి.