సర్టిఫికెట్లు గోడ నిండా ఉన్నాయి, ఐసీయూ చార్టులో హైట్ కాలమ్ మాత్రం ఖాళీ

హైదరాబాద్‌లో క్రిటికల్ కేర్ (ఐసీయూ వైద్యం) వర్క్‌షాప్ లేని వీకెండ్ ఉందా అంటే నాకైతే గుర్తు రావట్లేదు. ఒక ఆదివారం వెంటిలేటర్, ఇంకో ఆదివారం ఐసీయూ అల్ట్రాసౌండ్, ఆ తర్వాత ఎక్మో (గుండె, ఊపిరితిత్తుల పని చేసిపెట్టే మెషిన్), ఆ తర్వాత సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి అవయవాలు దెబ్బతినడం) అప్‌డేట్, బ్రోషర్లు వాట్సాప్ గ్రూపుల్లో వస్తూనే ఉంటాయి, కింద మెడికల్ కౌన్సిల్ క్రెడిట్ పాయింట్లు ఇన్ని అని రాసుంటుంది, లంచ్ ఎక్కడో కూడా రాసుంటుంది. తప్పని అనట్లేదు, ఐసీయూలో పనిచేసేవాణ్ణి కాబట్టి నేనూ వెళ్తా, నేర్చుకుంటా, బిర్యానీ బాగుంటే ఇంకో రౌండ్ కూడా వేస్తా.

కోర్సులకీ కొదవ లేదు. ఎండీ లేదా డీఎన్‌బీ అయ్యాక సూపర్ స్పెషాలిటీ ఎంట్రన్స్ నీట్ ఎస్‌ఎస్ రాసి మూడేళ్ల డీఎం లేదా డీఆర్‌ఎన్‌బీ, అందులో సీటు రాకపోతే 1993లో పెట్టిన ఇండియన్ సొసైటీ ఆఫ్ క్రిటికల్ కేర్ మెడిసిన్ వాళ్ల ఐడీసీసీఎం డిప్లొమా, దాని పైన ఐఎఫ్‌సీసీఎం ఫెలోషిప్, ఎంబీబీఎస్‌తోనే ఐసీయూలో సెటిలైపోయిన వాళ్లకి సీటీసీసీఎం సర్టిఫికెట్, నర్సులకి ఐడీసీసీఎన్ డిప్లొమా, ఇవి చాలవన్నట్టు యూరప్ వాళ్ల ఎడిక్ పరీక్ష, అమెరికన్ సొసైటీ వాళ్ల రెండ్రోజుల ఎఫ్‌సీసీఎస్ కోర్సు. కొంతమంది విజిటింగ్ కార్డు మీద పేరు కన్నా పక్కన ఉన్న అక్షరాలే ఎక్కువ చోటు తింటాయి.

మరి ఇంత చదువు జరుగుతున్న ఊళ్లో, మన పేషెంట్లకి సంబంధించిన ఒక ప్రశ్నకి ఇక్కడి ఐసీయూల్లో తేలిన జవాబు చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు? నాకు కనపడే కారణం ఏంటంటే, మనం చదువు వేరు, రీసెర్చ్ వేరు అనుకుంటాం. చదువు అందరికీ, రీసెర్చ్ మాత్రం ఎయిమ్స్ వాళ్లకి, వెల్లూరు వాళ్లకి. కానీ రీసెర్చ్ చేతుల్తో చేయని వాళ్లకి వేరేవాళ్లు చేసిన రీసెర్చ్‌ని చదవడం కూడా సరిగ్గా రాదు, అక్కడే అసలు దెబ్బ పడుతోంది.

చిన్న ఉదాహరణ. ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే ఏఆర్‌డీఎస్ మీద 2000లో వచ్చిన ఏఆర్‌డీఎస్‌నెట్ ట్రయల్ (పేషెంట్లని గ్రూపులుగా చేసి వైద్యాలు పోల్చి చూసే స్టడీ) గురించి వినని ఇంటెన్సివిస్ట్, అంటే ఐసీయూ స్పెషలిస్ట్, ఉండడు. 861 మంది పేషెంట్లు, వెంటిలేటర్ మీద ఒక్కో శ్వాసకి కిలోకి 12 ఎంఎల్ గాలి ఇచ్చిన గ్రూపులో దాదాపు 40 శాతం చనిపోతే 6 ఎంఎల్ ఇచ్చిన గ్రూపులో 31 శాతం. కొత్త మందు లేదు, కొత్త మెషిన్ లేదు, సెట్టింగ్ మార్చడమే. ప్రతి వర్క్‌షాప్‌లో ఇదే మొదటి స్లైడ్. అయితే ఆ కిలో అంటే తూకం వేసిన బరువు కాదు, పేషెంట్ ఎత్తుని బట్టి లెక్కగట్టే బరువు. ఇప్పుడు సోమవారం పొద్దున ఏదో ఒక ఐసీయూలోకెళ్లి బెడ్ దగ్గర వేలాడే ఆ పెద్ద చార్టు తిప్పి చూడండి, హైట్ అనే కాలమ్ చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, లేదంటే అందరికీ 165 అని ఉంటుంది, అంటే కంటితో చూసి వేసేశారన్నమాట. 155 సెంటీమీటర్ల ఆడమనిషికి ఆరు ఎంఎల్ లెక్కన రావాల్సింది 290 దగ్గర. అలవాటుగా 450 పెట్టేస్తే కిలోకి తొమ్మిది దాటిపోతుంది, మనం మాత్రం లంగ్ ప్రొటెక్టివ్ వెంటిలేషన్ (ఊపిరితిత్తులు దెబ్బతినకుండా తక్కువ గాలి ఇచ్చే పద్ధతి) ఇస్తున్నామనే అనుకుంటూ ఉంటాం. నలభై రూపాయల టైలర్ టేపు, ఒక ఎక్సెల్ షీటు, మూడు నెలలు, ఇంతే కావాలి దీన్ని లెక్క తేల్చడానికి. ఇది రీసెర్చే. ఎవరూ చేయరు, ఎందుకంటే దీనికి క్రెడిట్ పాయింట్లు రావు.

చదవడం రాకపోతే ఏమవుతుందో కోవిడ్‌లో కళ్లారా చూశాం. ప్లాస్మా థెరపీ (కోవిడ్ తగ్గినవాళ్ల ప్లాస్మా పేషెంట్‌కి ఎక్కించడం) మీద కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ మన దేశంలోనే ప్లాసిడ్ అనే ట్రయల్ చేసింది, 39 ఆసుపత్రులు, 464 మంది. జబ్బు ముదరకుండా గానీ చావు తప్పించడానికి గానీ ప్లాస్మా పనిచేయలేదని 2020 అక్టోబర్‌కల్లా బీఎంజే అనే మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. నేషనల్ గైడ్‌లైన్ నుంచి ప్లాస్మాని తీసేసింది 2021 మే నెలలో. మధ్యలో ఏడు నెలలు. సెకండ్ వేవ్ పీక్‌లో ఉన్నప్పుడు పేషెంట్ వాళ్ల పిల్లలు ఆక్సిజన్ బెడ్ కోసం తిరుగుతూనే ఇంకో చేత్తో ట్విట్టర్‌లో ఓ పాజిటివ్ ప్లాస్మా కావాలి అర్జెంట్ అని పోస్టులు పెడుతున్నారు, ఆ చీటీ రాసిచ్చింది ఎవరు? మనమే. మన దేశంలో, మన పేషెంట్ల మీద చేసిన ట్రయల్‌నే మనం పట్టించుకోలేదు.

అదే టైంలో బ్రిటన్‌లో రికవరీ ట్రయల్ 2020 మార్చిలో మొదలై జూన్‌కల్లా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు నిలబెడుతుందని తేల్చేసింది. అక్కడ మామూలు వార్డు డాక్టర్లే డ్యూటీలో భాగంగా పేషెంట్లని ట్రయల్‌లో చేర్చారు. తెలివితేటల్లో తేడా ఏం లేదు, అక్కడ ట్రయల్ అనేది డ్యూటీలో ఉంది, ఇక్కడ డ్యూటీ అయిపోయాక ఓపికుంటే చేసుకునే పని.

రీసెర్చ్‌కి డబ్బుల్లేవు అంటారు. ఈ మాట హైదరాబాద్‌లో కూర్చుని అనడం మాత్రం కొంచెం విడ్డూరం. చిన్న పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం ముదిరి ఐసీయూకొచ్చే కేసులకి డాక్సీసైక్లిన్ ఇవ్వాలా అజిత్రోమైసిన్ ఇవ్వాలా అని ఏళ్ల తరబడి కొట్టుకున్నాం. వెల్లూరు సీఎంసీ ముందుండి ఏడు సెంటర్లలో 794 మంది మీద ఇంట్రెస్ట్ అనే ట్రయల్ చేసి, రెండూ కలిపి ఇస్తే మంచిదని 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వేసింది. మరణాలు, తగ్గని కాంప్లికేషన్లు, విడవని జ్వరం కలిపి చూస్తే రెండు మందులిచ్చిన గ్రూపులో 33 శాతం, ఒక్కోటే ఇచ్చిన గ్రూపుల్లో 47, 48 శాతం. ఈ ట్రయల్‌కి ఫండింగ్ ఇచ్చింది కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్ వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి నడిపే ఇండియా అలయన్స్. దాని ఆఫీసు ఎక్కడో తెలుసా, బంజారాహిల్స్‌లో. ట్రాఫిక్ లేకపోతే, అంటే అర్ధరాత్రి, అక్కణ్నుంచి పది నిమిషాల్లో అరడజను పెద్ద ఐసీయూలు తగుల్తాయి. డాక్టర్లకి క్లినికల్ రీసెర్చ్ ఫెలోషిప్పులు కూడా వాళ్లే ఇస్తారు. మన ఐసీయూ డ్యూటీ రూముల్లో ఎడిక్ ఫీజు ఎంతో అందరికీ తెలుసు, దీనికి అప్లికేషన్ ఎలా పెట్టాలో అడిగితే మొహమొహాలు చూసుకుంటారు.

మన దగ్గర ప్రశ్నలకి కరువా? గడ్డిమందు సంగతే చూడండి. పారాక్వాట్ అనే గడ్డిమందు తాగిన కుర్రాడు జిల్లాల నుంచి అంబులెన్స్‌లో వస్తాడు, మొదటి రోజు మాట్లాడుతూనే ఉంటాడు, అమ్మకి ఫోన్ చేయించమంటాడు, నోరు మాత్రం పుండై ఉంటుంది. రెండో రోజు కిడ్నీలు, ఆ తర్వాత ఊపిరితిత్తులు. విరుగుడు లేదు. ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులు ఇంకా పాడవుతాయి కాబట్టి ఆయాసపడుతున్నా వీలైనంత సేపు ఆపి చూస్తాం, అది వాళ్ల నాన్నకి చెప్పి ఒప్పించడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. ఒక ఐసీయూలో ఇమ్యూనిటీని అణిచే సైక్లోఫాస్ఫమైడ్, స్టెరాయిడ్ ఇస్తారు, ఇంకో చోట హీమోపెర్ఫ్యూజన్ (రక్తంలోంచి విషాన్ని వడకట్టడం), ఇంకో చోట రెండూ, బిల్లు లక్షల్లో. శ్రీలంక వాళ్లు ఇదే ఇమ్యునోసప్రెషన్ మీద ట్రయల్ చేసి లాభం లేదని 2018లో పేపర్ వేశారు, అంతకు ముందే ఆ గడ్డిమందుని దేశంలో బ్యాన్ కూడా చేసేశారు. తెలంగాణలో ఇన్ని కేసులు చూస్తూ మన దగ్గర ఎంతమంది వచ్చారు, ఎన్ని గంటలకి వచ్చారు, ఏం ఇస్తే ఏమైంది అని నాలుగు హాస్పిటళ్లు కలిసి ఒకే ఫార్మాట్‌లో రాసుకుంటే చాలు, బ్యాన్ అడిగేటప్పుడు కూడా చేతిలో లెక్క ఉంటుంది.

రాసుకోవడం లేదా అంటే, రాస్తున్నాం, అదే విచిత్రం. ఐసీయూలో సిస్టర్ గంట గంటకీ బీపీ, పల్స్, యూరిన్, వెంటిలేటర్ సెట్టింగులు అన్నీ చార్టులో వేస్తుంది. పేషెంట్ వెళ్లగానే ఆ కాగితాలన్నీ ఫైల్లో కుట్టి ఎంఆర్‌డీకి, అంటే రికార్డుల విభాగానికి పోతాయి. మళ్లీ వాటి మొహం చూసేది ఇన్సూరెన్స్ వాళ్లు, లాయర్ నోటీసు వస్తే మేనేజ్‌మెంట్, థీసిస్ సబ్మిషన్‌కి రెండు నెలల ముందు పీజీ. ఆ పీజీ నైట్ డ్యూటీ దిగి, ఎంఆర్‌డీలో దుమ్ములో కూర్చుని, ఐపీ (ఇన్‌పేషెంట్) నంబర్లు వెతుక్కుంటూ, సగం ఫైళ్లు దొరక్క, దొరికినవాటిలో సగం కాలమ్స్ లేక ఎలాగో పూర్తి చేస్తాడు. రీసెర్చ్ అంటే జీవితాంతం అసహ్యం పుట్టడానికి ఇంతకన్నా మంచి ట్రైనింగ్ ఉండదు. ఐసీఎంఆర్ వాళ్ల ఆన్‌లైన్ బేసిక్ రీసెర్చ్ కోర్సు పీజీలకి కంపల్సరీ చేశారు, మంచిదే, కానీ వీడియోలు చూస్తే వచ్చే విద్య కాదిది.

మేనేజ్‌మెంట్ వాళ్లు వేరే గ్రహం నుంచి రాలేదు, వాళ్ల లెక్క వాళ్లది. ఇంటెన్సివిస్ట్‌కి ఓపీ లేదు, సొంత పేషెంట్ లేడు, బెడ్లు నిండుగా ఉంటేనే విలువ, అలాంటి మనిషికి వారంలో సగం రోజు డేటా చూసుకో అని ఎందుకిస్తారు? గాంధీలోనో ఉస్మానియాలోనో అయితే డబ్బు లెక్క కాదు, మనుషుల లెక్క, ఉన్నవాళ్లకి ఊపిరి తీసుకునే టైం లేదు. ఇదే ఊళ్లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యం పక్కనే రీసెర్చ్‌ని కూడా కూర్చోబెట్టి చూపించింది కాబట్టి హైదరాబాద్ నీళ్లలో లోపం లేదని నమ్ముతాను. కంటికి, ఐసీయూకి తేడా ఉంది, అక్కడ రాత్రి మూడింటికి కార్డియాక్ అరెస్ట్ రాదు, ఒప్పుకుంటా. అయినా రోస్టర్‌లో సగం రోజు రాయడం ఎక్మో మెషిన్ కొనడం కన్నా చవక.

నర్సుల సంగతి ఇంకా అన్యాయం. క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ అని రెండేళ్ల ఎమ్మెస్సీ రెసిడెన్సీ పెట్టారు, చదివొచ్చిన అమ్మాయికి ఏ పోస్టు ఇవ్వాలో చాలా హాస్పిటళ్లకి తెలీదు, మళ్లీ అదే మూడు బెడ్లు అప్పజెప్తారు. ఆమె రెండేళ్ల ఎక్స్‌పీరియెన్స్ లెటర్ తీసుకుని ఐర్లండో లండనో వెళ్లిపోతే దేశభక్తి లేదంటాం. బెడ్ సోర్లు, ట్యూబ్ ఊడిపోవడం, సెడేషన్ ఎక్కువవడం, ఇవన్నీ డాక్టర్ కన్నా ముందు ఆమెకే తెలుస్తాయి, పేపర్‌లో మాత్రం ఆమె పేరుండదు.

కొత్తగా కట్టాల్సింది నిజానికి తక్కువే. హాస్పిటళ్ల క్వాలిటీకి గుర్తింపిచ్చే ఎన్‌ఏబీహెచ్ కోసం ప్రతి పెద్ద హాస్పిటల్‌లో ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్స్ వెయ్యి వెంటిలేటర్ రోజులకి ఎన్ని న్యుమోనియాలు అని నెలనెలా లెక్క కడుతూనే ఉంది, ఆమెకి ఇంకో మనిషిని తోడిస్తే అదే రీసెర్చ్ టీం. 2019 నుంచి ఐరిస్ అనే ఐసీయూ రిజిస్ట్రీ (వేర్వేరు ఐసీయూల డేటాని ఒకచోట చేర్చేది) నడుస్తోంది, చేరితే ఫార్మాట్ మనం కనిపెట్టక్కర్లేదు. 2010, 2011లో ఇండిక్యాప్స్ స్టడీ వాళ్లు నాలుగంటే నాలుగు రోజుల లెక్క తీసుకుని 120 ఐసీయూలు, నాలుగు వేలకు పైగా పేషెంట్ల బొమ్మ కట్టి చూపించారు, పెద్ద గ్రాంట్ల కోసం ఎదురుచూసేవాళ్లు అది ఒకసారి తీసి చదవాలి.

ఈ ఏడాది ఫెలోషిప్ అయిపోయి జాబ్ వెతుక్కుంటున్న వాళ్లు ఇంటర్వ్యూలో ప్యాకేజీ, బెడ్లు, నైట్లు ఎన్ని అని ఎలాగూ అడుగుతారు, ఇంకో మూడు అడగండి: రీసెర్చ్‌కి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఎన్నాళ్లకోసారి కూర్చుంటుంది, ఐసీయూ డేటా ఎవరి దగ్గరుంది, రీసెర్చ్‌కి వారానికి సగం రోజు అని అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాసిస్తారా. మూడోదానికి హెచ్‌ఆర్ వాళ్లు నవ్వుతారు. పదిమంది అడిగాక నవ్వరు, ఇంటెన్సివిస్టులు దొరక్క వాళ్లు పడుతున్న తిప్పలు నాకు తెలుసు.