చిట్టీతకు తెలుగు చీటీ

కాకినాడ దగ్గరి కోరంగి చుట్టుపక్కల ఇసుక నేలల్లో పొట్టి ఈతపొద ఒకటి పెరుగుతుంది. దాని పేరు చిట్టీత. దాని మాను 15 నుంచి 18 అంగుళాలే, అంటే రెండు జానలకు మించదు. మట్టలు కొట్టేసి, వాటి మొదట్లో అల్లుకున్న పీచు వొలిచి, మానును ఆరో ఎనిమిదో చీలికలు చేసి ఎండబెట్టాలి. ఎండిన చీలికల్ని రోట్లో దంచి జల్లిస్తే పీచు పైన నిలిచి పిండి కిందికి దిగుతుంది. ఆ పిండిని చిక్కగా గంజి కాచుకోవాలి. సగ్గుబియ్యమంత సత్తువ ఉండదు, పైగా చేదు. అయినా కరవులో ఎందరి ప్రాణాలో నిలిపింది.

ఇదంతా ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ రాసిపెట్టాడు. ఆయన 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు, 1789–92 నాటి ఉత్తర సర్కారుల కరవును కళ్లారా చూశాడు. 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధికారిగా వెళ్లాడు. చిట్టీతకు ఆయన పెట్టిన పేరు ఫీనిక్స్ ఫారినిఫెరా. ‘పిండినిచ్చేది’ అని అర్థం. ఆ పేరు నిలవలేదు. అంతకు ముందే, 1788లో, జర్మన్ వృక్షశాస్త్రవేత్త గేర్ట్‌నర్ ఇదే మొక్కను ఫీనిక్స్ పుసిల్లా, అంటే ‘చిన్నది’, అని ప్రకటించి ఉన్నాడు. ముందు ప్రకటించిన పేరే చెల్లుతుందన్నది శాస్త్ర నియమం. దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ పేరుతో పాటు పిండి సంగతీ పాత పుటల్లోకి జారుకుంది. ఆ పిండి దంచి చూపించినవాళ్ల పేర్లయితే ఆ పుటల్లోనూ లేవు.

కోరమాండల్ తీరపు మొక్కలపై రాక్స్‌బర్గ్ గ్రంథం 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయింది. అందులో 300 చిత్రాలు. గీసింది ఇక్కడి చిత్రకారులు, ఏరింది లండన్‌లోని వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్. బ్యాంక్స్ పేరు కనిపిస్తుంది, గీసినవాళ్ల పేర్లు కనిపించవు. బొమ్మ అన్నది సోకు కాదు, అవసరం. మన వాతావరణంలో కాగితాల మధ్య అదిమిన కొమ్మ తడికి నల్లబడుతుంది, పువ్వు రంగు పోతుంది, మిగిలింది పురుగు తింటుంది. వానాకాలంలోనైతే మొదటి మూడు రోజులూ పూటపూటా కాగితాలు మార్చకపోతే బూజు ఖాయం. చెముడు వంటి కండగల మొక్కల్ని, పువ్వు తప్పించి, మరిగే నీళ్లలో ముంచి తీయాలి. లేదంటే అదుముడు పలకల మధ్యనే చిగుళ్లు వేస్తాయి. ఇన్ని దాటినా ఉప్పెన ఉండనే ఉంది. 1787లో ఈ తీరాన్ని ముంచిన ఉప్పెనలో రాక్స్‌బర్గ్ పుస్తకాలూ నమూనాలూ కొట్టుకుపోయాయి. ఆయనకు గురుతుల్యుడు, స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ శిష్యుడు అయిన కోనిగ్ అంతకు రెండేళ్ల ముందే కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశాడు.

వర్గీకరణకు ఆ రోజుల్లో లిన్నేయస్ లెక్కే ఆధారం. పువ్వులో పుప్పొడినిచ్చే కేసరాలెన్నో లెక్కపెట్టి 24 తరగతుల్లో ఒకదాన్లో వేయడమే. పువ్వు దొరక్కపోతే మొక్క దొరకనట్టే. ఎప్పుడు పూస్తుందో, ఏ గుట్ట మీద పూస్తుందో చెప్పాల్సింది స్థానికులే. కంపెనీకి కావలసింది మాత్రం మిరియం, నీలిమందు, రంగులు. బందరు అద్దకానికి ఎరుపునిచ్చిన చిరివేరు మొదటి సంపుటం తొలి చిత్రాల్లోనే ఉండటం కాకతాళీయం కాదు. మలేరియాకు మందైన సింకోనా బెరడుకు బదులుగా జ్వరానికి పనికొస్తుందేమోనని రాక్స్‌బర్గ్ ప్రచారం చేసిన బెరడు మన సోమిదమానుదే. 1830లో ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త జుస్సియూ ఆ చెట్టుకు సొంత ప్రజాతి (జీనస్) ఏర్పరచి, మన మాటనే లాటిన్‌లోకి దించి సోయ్‌మిడా అన్నాడు. అది ‘ద’నో ‘డ’నో ఆ స్పెల్లింగు చెప్పదు. సామాన్య తెలుగువాడికి చెట్టూ తెలియదు, మాట తనదేననీ తెలియదు.

కేరళలో కథ వేరు. డచ్చి అధికారి వాన్ రీడ్ 1678–93 మధ్య 12 సంపుటాల్లో వేయించిన ‘హోర్తుస్ మలబారికుస్’లో ఇట్టి అచ్యుతన్ వైద్యుడి వాంగ్మూలం పేరుతో సహా ఉంది. చిత్రాల మీద మలయాళ లిపిలో పేర్లున్నాయి. వలస పాలకుడి పుస్తకమే, అయినా చెప్పినవాడి పేరు చెరిపేయలేదు. వృక్షశాస్త్రవేత్త మణిలాల్ దశాబ్దాలు శ్రమించి దాన్ని వివరణలతో సిద్ధం చేస్తే కేరళ విశ్వవిద్యాలయం 2003లో ఆంగ్లంలో, 2008లో మలయాళంలో వేసింది.

మనకు అలాంటి తెలుగు సంపుటం ఒకటి కావాలన్నది మా వాదన. రాక్స్‌బర్గ్ రోమన్ లిపిలో ఎక్కించిన తెలుగు పేర్లను లిపి మార్చి అచ్చువేస్తే చాలదు. రోమన్‌లో ట–త, ల–ళ, ర–ఱ కలిసిపోయాయి. పేరు పలికే మనిషి దగ్గరకే వెళ్లాలి. కోయ, కొండరెడ్డి, చెంచు పెద్దల్ని అడిగి, గొంతు రికార్డు చేసి, ఊరు, తేదీ, చెప్పినవారి పేరు, వారు అనుమతిస్తేనే, నమూనాకు అంటించే చీటీలో రాయాలి. ఒకే చెట్టు నుంచి నాలుగైదు నమూనాలు తీసి ఒకటి ఆ ఊరికి దగ్గర్లోని కళాశాలలో ఉంచాలి. పేరొక్కటే నమ్మితే ఏమవుతుందో మన వీధుల్లోనే ఉంది. నర్సరీలో అశోక అడిగితే నరమామిడి చేతిలో పెడతారు. రాక్స్‌బర్గ్ సంస్కృత పండితుడు విలియం జోన్స్ పేరు కలిపి జోనేసియా అశోక అన్న అసలు చెట్టు వేరు.

ఇద్దరు ముగ్గురు పరిశోధకులు సెలవుల్లో చేసే పని కాదిది. రెండు రాష్ట్రాల అటవీ శాఖలూ తెలుగు విశ్వవిద్యాలయాలూ కలిసి ఒక వృక్షశాస్త్రవేత్తను, ఒక భాషావేత్తను, ఒక చిత్రకారుణ్ణి పూర్తికాలం కూర్చోబెట్టాలి. మూల సంపుటాలు అంతర్జాలంలో ఉచితంగానే ఉన్నాయి. ఖర్చంతా ఆ ముగ్గురి జీతాలకూ తిరుగుడుకే.

చిట్టీతతోనే మొదలుపెట్టవచ్చు. ఆడ, మగ పొదలు వేరు కాబట్టి రెండింటి నమూనాలూ కావాలి. మట్ట ఒక కాగితంలో పట్టదు కనుక మొదలు, నడుమ, కొస విడివిడిగా కోయాలి. బొమ్మ కూడా గీయాలి. పూత జనవరి, ఫిబ్రవరి నెలల్లో, పండ్లు మే నెలలో అని రాక్స్‌బర్గ్ రాశాడు. ఆ లెక్కన బృందం కోరంగికి రెండుసార్లు వెళ్లాలి, మొదటి ప్రయాణానికి సంక్రాంతి లోపే నిధులు విడుదల కావాలి.