నాలుగు మొక్కల ఆసామి

తులసి వనంలో గంజాయి మొక్క అనే సామెత ఉంది, గంజాయి వనంలో తులసి మొక్క అనే సామెతా ఉంది. కెనడాలోని ఒంటారియోలో మా మిత్రుడి పెరట్లో రెండూ పక్కపక్క కుండీల్లోనే ఉన్నాయి. ఏది ఎవరి వనమో పెద్దలే తేల్చాలి. తులసికి రోజూ చెంబెడు నీళ్లు, ఒక నమస్కారం. గంజాయికి జరిగే సేవ మాత్రం తిరుమల శ్రీవారికి తీసిపోదు.

కెనడా ప్రభుత్వం 2018 అక్టోబరు 17 నుంచి ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చంది. మనిషికి కాదు, ఇంటికి. అంటే భార్యాభర్తలకు చెరి రెండు. మన భూగరిష్ఠ పరిమితి చట్టానికి ఇది కుండీల అవతారమన్నమాట. క్యూబెక్ రాష్ట్రం ఆ నాలుగూ కుదరవంది. 2023లో కెనడా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. ఒంటారియోలో ఆ బెంగ లేదు కాబట్టి, తాతల నాటి అయిదెకరాలు అమ్ముకుని విమానం ఎక్కిన మా మిత్రుడు మళ్లీ సేద్యంలోకి దిగాడు.

సేద్యమంటే ముందు మట్టి. మట్టి కొట్లో దొరుకుతుంది. నేనూ తోడు వెళ్లాను. ఒక్క బస్తా 35 డాలర్లు. అందులో మట్టి తప్ప అన్నీ ఉన్నాయి. బురద నేలల్లోంచి తవ్వి తీసిన పీట్ నాచు, దాని పులుపు విరవడానికి సున్నం, అగ్నిపర్వతపు గాజురాయిని పేలాల్లా వేయించిన పర్లైట్, వానపాముల విసర్జన, గబ్బిలాల రెట్ట. పక్కనే ఇటుకల్లా అచ్చుపోసిన కొబ్బరి పొట్టు. అట్ట మీద ఇండియా అని ఉంది. మన దగ్గర పీచు తీశాక రోడ్డు పక్కన గుట్టపోసే పొట్టే సముద్రాలు దాటి ఇక్కడ పెద్దమనిషైంది. కొట్టు కుర్రాడు గొంతు తగ్గించి, ‘మీ నీళ్ల పీహెచ్ ఎంత?’ అని అడిగాడు. అంటే నీళ్ల పులుపు లెక్క. పురోహితుడు గోత్రం అడిగినట్టే అనిపించింది.

తర్వాత సీసాలు. వేళ్లకు ఒకటి, ఆకుకు ఒకటి, పూతకు ఒకటి, పూత గట్టిపడటానికి ఇంకొకటి, కాల్షియం మెగ్నీషియం కలిపి వేరే ఒకటి. నేలలోని సూక్ష్మజీవుల కోసమంటూ బెల్లపు మడ్డి సీసా కూడా. జీవామృతంలో రెండు కిలోల బెల్లం వేసే మన రైతుకు ఈ రహస్యం తెలియదని వీళ్ల నమ్మకం కాబోలు.

ఆ వేసవిలోనే మిత్రుడి నాన్నగారు గుంటూరు నుంచి వచ్చారు. నలభై ఏళ్లు మిర్చి వేసిన మనిషి. మొక్కను చూసి, ‘గోంగూర బాగా వచ్చిందిరా’ అన్నారు. ఆయన తప్పేమీ లేదు. గోంగూరల్లో ఒక రకానికి శాస్త్రవేత్తలు హైబిస్కస్ కన్నాబినస్ అని పేరు పెట్టింది, ఆకు గంజాయి ఆకును పోలి ఉంటుందనే. సంగతి తెలిశాక ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని సీసాలు ఒక్కొక్కటే తిప్పి చూశారు. మూతల దగ్గర మూడేసి అంకెలున్నాయి.

‘ఇది నత్రజని. ఇది భాస్వరం. ఇదేమో పొటాష్. నీళ్లలో కలిపి రంగు వేశారు. ఎంత పెట్టావు?’

మిత్రుడు చెప్పాడు. నాన్నగారు రూపాయల్లోకి మార్చుకున్నారు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు. దానికోసం తెల్లవారుజామునే సొసైటీ ముందు చెప్పులు వరసలో పెట్టి వచ్చిన మనిషి ఆయన.

‘ఆకు కొసలు మాడాయి చూడు. బలం మందు ఎక్కువైంది. నాలుగు రోజులు ఉత్త నీళ్లు పొయ్యి.’

‘దానికీ ఒక సీసా ఉంది నాన్నా,’ అన్నాడు మిత్రుడు.

ఇదే మొక్కను మన దేశంలో పెంచితే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద పదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష దాకా జరిమానా. 2021లో ఆపరేషన్ పరివర్తన అంటూ పోలీసులు విశాఖ మన్యంలో తోటలకు తోటలే నరికించారు. ఆ కొండవాలుల్లో పీహెచ్ మీటరు పట్టుకు తిరిగిన గిరిజనుడెవడూ నాకు తెలియదు. కుండీలో, పర్లైట్ కలిపి, శాస్త్రోక్తంగా పెంచకపోవడమే వాళ్లు చేసిన నేరం కాబోలు.

సెప్టెంబరులో నాన్నగారి తిరుగు ప్రయాణం. విమానాశ్రయంలో కొడుకు బండి నిలపడానికి వెళ్లినప్పుడు నన్ను పక్కకు పిలిచారు.

‘బాబూ, నువ్వు మా ఊరివైపు వస్తుంటావు కదా. వీడు గంజాయి వేశాడని ఎవరితోనైనా అన్నా పర్వాలేదు, కుర్రతనం అనుకుంటారు. మట్టి కొన్నాడని మాత్రం చెప్పకు.’